చల్లారిన రొట్టె

నిన్న మా ఊరి గుడిపెద్ద వచ్చి, నా సమాధిరాయి మీద ఏం చెక్కించాలో అడిగాడు. మనిషి ఎదురుగా కూర్చుని ఊపిరి పీలుస్తుండగా అలా అడగటం వాడికేమీ తప్పనిపించలేదు. రాతిపనివాడు వేరే పని మీద ఊళ్ళోకి వస్తున్నాడట. ఒక్క రాకతో రెండు పనులూ అయిపోతాయట.

"మీరేం శ్రమపడకండి అయ్యగారూ, మాటలు మేమే కూర్చుకొచ్చాం," అని ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. స్మిర్నా రేవులో ప్లేగు చెలరేగిన నాడు, ప్రాణానికి వెరవక, చావుబతుకుల్లో ఉన్నవాడికి ప్రభు భోజనం అందించిన పాదిరి జోసయా హెన్లో ఇక్కడ నిద్రిస్తున్నాడు. అదీ వాళ్ళ రాత.

కాగితం పట్టుకున్న నా చెయ్యి వణికింది. ముసలితనం అనుకున్నాడు పాపం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఎవరు కాగితం చేతికిచ్చినా నాకు ఇలాగే వణుకు పుడుతుంది. రాతిపనివాడు వచ్చేలోపు అసలు సంగతి ఒక్కసారైనా రాసి పెట్టాలి.

తురకల దేశంలో ఉన్న స్మిర్నాకి నేను వెళ్ళింది దేవుడు పిలిచి కాదు, లండన్‌లో పట్టు వ్యాపారం చేసే కంపెనీ పెద్దలు ఎంచుకుని. ఇరవై మంది వర్తకుల ముందు పరీక్ష ప్రసంగం చేశాను. వాళ్ళు నా గొంతూ నా లాటినూ నా మేజోళ్ళూ అన్నీ పరకాయించి చూసి, పర్వాలేదన్నారు. ఆ ఉద్యోగంలో కిటుకు ఒకటే. అయిదేళ్ళు అక్కడి వర్తకుల మనసెరిగి మసలుకోవాలి. వెళ్ళేనాడు వాళ్ళు మంచివాడని ఉత్తరం రాస్తే ఇంగ్లాండులో బిషప్పు ఒక మంచి ఊరి గుడి చేతికిస్తాడు. రాయకపోతే జీవితాంతం ఏ బురద ఊళ్ళోనో ఇంకో పాదిరి కింద చాకిరీ. అందుకని స్మిర్నాలో ఉన్నన్నాళ్ళూ నాకు దేవుడి భయం కన్నా అంబ్రోస్ టిల్యార్డ్ భయం ఎక్కువగా ఉండేది. టిల్యార్డ్ మా వర్తకుల ఇంటికి యజమాని. అందరం ఆయన కప్పు కిందే ఉండేవాళ్ళం. కింద పట్టుబేళ్ళు, పైన మేము.

బార్నబీ క్రౌచ్ కూడా మాలో ఒకడే. పట్టు ముట్టుకోకుండా వాసన చూసి ఏ ఊరిదో చెప్పగలిగినవాడు. వాడు స్మరాగ్దా అనే గ్రీకు పిల్లని వాళ్ళ గుళ్ళో, వాళ్ళ పద్ధతిలో పెళ్ళాడి వేరు కాపురం పెట్టాడు. మా ఇంట్లో అలాంటి పెళ్ళిళ్ళు పనికిరావు. టిల్యార్డ్ నన్ను పిలిచి, "వాడింక మన ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రాకూడదు హెన్లో గారూ. ఎలా చెబుతారో మీ ఇష్టం," అన్నాడు.

నేను నోటితో చెప్పలేదు. ఆ ఆదివారం క్రౌచ్ అందరితోపాటు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. నేను వాణ్ణి దాటుకుని పక్కవాడికి రొట్టె ఇచ్చాను. ద్రాక్షరసం గిన్నె కూడా అలాగే దాటించాను. తిరిగొచ్చి చూస్తే వాడింకా అలాగే ఉన్నాడు, చేతులు చాపుకుని. టిల్యార్డ్ ఆ పూట భోజనాల దగ్గర నాకు తన పక్కన కుర్చీ వేయించాడు.

ఆరు నెలలకి ప్లేగు వచ్చింది. అది ఏటా కాస్తో కూస్తో వచ్చేదే, కానీ ఆ ఏడు ఏప్రిల్‌లోనే గ్రీకుల వీధిలో రోజుకి పది శవాలు లేచాయి. టిల్యార్డ్ గేటు మూయించి తాళంచెవి మెడలో వేసుకున్నాడు. ఇక లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట. చివరి శవం లేచిన నలభై రోజులకి గానీ తలుపు తెరవరు.

మూసిన ఇంటికి చట్టాలు ఉంటాయి. బట్ట, ఉన్ని, ఈక, బొచ్చు, కాగితం జబ్బుని పట్టుకుంటాయి. ఇనుము, చెక్క, రొట్టె పట్టుకోవు. మాంసం గేటు దగ్గరున్న నీళ్ళ తొట్టిలో పడేస్తారు, ఇవతల్నుంచి కొక్కెంతో తీసుకుంటాం. ఉత్తరాలు పటకారుతో పట్టి గంధకం పొగలో కాల్చినంత పని చేసి అప్పుడు టిల్యార్డ్ చదువుతాడు. బయట్నించి వచ్చే రొట్టెలు మాత్రం ఇనుప చట్రం మీద మధ్యాహ్నం దాకా చల్లారబెడితే చాలు. వేడి రొట్టె జబ్బుని పీలుస్తుందని, చల్లారాక అందులో ఏమీ నిలవదని అందరి నమ్మకం. నాదీ అదే నమ్మకం.

పిల్లులకి చట్టం ఇంకా సులువు. గోడలు దూకుతాయి గనక కనబడగానే కాల్చెయ్యడమే. ఆ పని గైల్స్ పెన్నక్ సరదాగా నెత్తికెత్తుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ వర్తకుడు, నోరు ఊరుకోదు, చేతిలో తుపాకీ. మా గ్రీకు వంటమనిషి జంబేతకి ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. పెన్నక్ దాన్ని కొట్టం మీద పడగొట్టాడు. జంబేత దాన్ని ఒళ్ళో వేసుకుని వెళ్ళి తోటలో గొయ్యి తవ్వి పూడ్చింది.

"ఏమ్మా, దానికి ప్రార్థన కూడా చేయిస్తావా? అయ్యగారు ఖాళీగానే ఉన్నారు!" అని పెన్నక్ మేడమీంచి కేకేశాడు.

"నీకు చేయిస్తాలే నాయనా, తొందరపడకు," అంది ఆవిడ తల ఎత్తకుండా.

ఇది జరిగిన మర్నాడు పొద్దున్నే జంబేత నా గదికొచ్చింది. కొంగులో దాచి తెచ్చిన రొట్టె నా బల్ల మీద పెట్టింది. దాని మీద చేప గుర్తు ఉంది. రోజూ గేటు దగ్గర తీసుకునే రొట్టెల మీద ఆ గుర్తు ఉండదు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

"చల్లారలేదు కదమ్మా," అన్నాను.

"ఇప్పుడే తినండి అయ్యగారూ. అందరితోపాటు చట్రం మీద పెడితే మీదాకా రాదు," అని నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

రెండు ముక్కలు చేశాను. మధ్యలో మడత పెట్టిన కాగితం ఉంది. నేను ఆలోచించలేదు. పాదిరికి కాగితం కనబడితే విప్పడమే అలవాటు. విప్పి సగం చదివాకగానీ నా వేళ్ళు దేన్ని పట్టుకున్నాయో నాకు తెలియలేదు.

"గజ్జల్లో ప్లేగు బిళ్ళ లేచింది. రేపో ఎల్లుండో నా పని అయిపోతుంది. హెన్లో గారూ, నన్ను దాటెయ్యకండి. మీరు రాలేకపోతే ఆ రొట్టే ద్రాక్షరసమూ గేటు దాకా పంపినా చాలు. స్మరాగ్దా వచ్చి తీసుకుంటుంది. బార్నబీ."

కాగితం పొయ్యిలో వేశాను. రొట్టె కూడా వేశాను. వెనిగర్‌లో చేతులు మోచేతుల దాకా ముంచి చర్మం మండేదాకా రుద్దాను. గంటసేపు మంచం మీద కూర్చున్నాను.

మా సంఘానికి ఒక నియమం ఉంది. మంచాన పడ్డవాడికి ప్రభు భోజనం ఇవ్వాలంటే పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా పాలుపంచుకోవాలి. కానీ ప్లేగు నాడు, అంటుకుంటుందని ఎవరూ రాకపోతే, రోగి కోరితే పాదిరి ఒక్కడు చాలు. అంటే తోడు లేదన్న సాకు కూడా నాకు మిగల్చలేదు. పోనీ వెళ్ళనక్కర్లేదు. రొట్టె మీద నాలుగు ప్రార్థన మాటలు పలికి గేటు బయట పెట్టించినా చాలని వాడే రాశాడు. రొట్టె బయటికి పోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. కానీ పెట్టించాలంటే, క్రౌచ్ కబురు నీకెలా తెలిసిందని టిల్యార్డ్ అడుగుతాడు. కాగితం ముట్టుకున్నానని చెప్పాలి. చెబితే ఆ క్షణమే గేటు బయట నేను, గేటు లోపల వాళ్ళు.

నేను ఏమీ పెట్టించలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం సిగ్గుచేటు. తెల్లారగానే తలుపు గడియపెట్టి చంకలు నొక్కుకునేవాణ్ణి. గజ్జలు నొక్కుకునేవాణ్ణి. నొక్కీ నొక్కీ అక్కడ నొప్పి పుట్టేది. నొప్పి పుట్టింది గనక బిళ్ళ కట్టిందని చెమటలు పోసేవి. అద్దంలో నాలుక చూసుకునేవాణ్ణి. కాస్త తల బరువెక్కితే అంతే సంగతులు. నేను చస్తానని ఒక భయం. ఏమీ ఎరగని ఏడుగురు నావల్ల చస్తారని ఇంకో భయం. ఈ రెండిటినీ మించిన భయం ఏమిటంటే తెలిసిపోతుందని. అవును, అదే అన్నిటికన్నా పెద్దది.

భోజనాల దగ్గర చివర కుర్చీకి మారాను. ఎవరి గ్లాసూ ముట్టేవాణ్ణి కాదు.

"అయ్యగారు మమ్మల్ని చూస్తే ఎడంగా జరుగుతున్నారేంటి? మా పాపాల కంపు అంత దూరం కొడుతోందా?" అన్నాడు పెన్నక్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ బల్ల కింద చంక తడుముకున్నాను.

అయిదో రోజు జంబేత లేవలేదు. ఒళ్ళు కాలిపోతోందని, దుప్పటి కప్పినా వణుకుతోందని తెలిసింది. ఇల్లంతా ఒక్క అరుపు అరిచింది. టిల్యార్డ్ అందరినీ మేడమీద వసారాలోకి పిలిచాడు. పగటి ఎండలో అందరి మొహాలూ సున్నం కొట్టినట్టున్నాయి.

"పిల్లి," అన్నాడు పెన్నక్. వాడి గొంతులో వేళాకోళం లేదు. "చచ్చిన పిల్లిని ఒళ్ళో వేసుకుంది. నేను నా కళ్ళారా చూశాను."

"ఇంకేమైనా ముట్టుకుందా?" అన్నాడు టిల్యార్డ్.

ఆ ప్రశ్న అందరినీ అడిగాడు. కానీ నాకు మాత్రం నన్నొక్కణ్ణే అడిగినట్టుంది. ఆ రొట్టె ఆవిడ కొంగులో ఉంది, ఆ కాగితం నా చేతిలో ఉంది. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. చెప్పాల్సినవాణ్ణి నేను. నోరు తెరిచాను కూడా.

"ఏమంటారు హెన్లో గారూ? పంపించెయ్యమంటారా? పాదిరి మాట కూడా ఉంటే నాకు మనసు తేలిగ్గా ఉంటుంది," అన్నాడు టిల్యార్డ్.

"ఇంటి క్షేమం చూడాలి కదండీ," అన్నాను. నా నోరే అంది ఆ మాట. అనగానే నా మీదికి రావాల్సింది ఆవిడ మీదికి పోయిందని హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళలో నేను దేవుడి ముందు చెప్పుకోలేకపోయింది ఆ హాయి గురించే.

జంబేత గోడ పట్టుకుంటూ పెరట్లోకి నడిచొచ్చింది. యాభై దాటిన మనిషి, ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా వండిపెట్టింది. మూట తీసుకెళ్ళమన్నారు. కొంగుతో మొహం తుడుచుకుని పైకి చూసింది.

"ఎక్కడికి పోతావమ్మా?" అని అడిగాడు టిల్యార్డ్. అడిగినందుకు తనే ఇబ్బందిపడ్డాడు.

"మా స్మరాగ్దా చెల్లి ఉందిగా, మా పిన్ని కూతురు. వాళ్ళింట్లో ఎలాగూ జ్వరమే. ఇంకొకటి పెరుగుతుంది, అంతేగా."

అప్పటిదాకా ఆవిడకీ క్రౌచ్ భార్యకీ ఉన్న చుట్టరికం నేను ఎరగను. ఆవిడ కళ్ళు వసారా అంతా తిరిగి నా దగ్గర ఆగాయి.

"అయ్యగారూ, మొన్నటి రొట్టె చల్లారిందా?"

వసారా రెయిలింగు పట్టుకున్నాను. అందరూ నావైపు తిరిగారు. అయిపోయింది, చెప్పేస్తుంది, ఈ మెట్లే దిగి ఈ గేటులోంచే నేనూ పోవాలి అనుకున్నాను.

"చల్లారింది," అన్నాను.

ఆవిడ నావైపే చూస్తూ తల ఆడించింది.

"అయితే సరే. నాకు దారికి ఓ రొట్టె, కాస్త ద్రాక్షసారా ఇప్పించండి. వేరేవాళ్ళు కాదు. మీ చేత్తో ఇవ్వండి."

"ఇవ్వండివ్వండి. రొట్టే కదా, దోషం లేదు," అన్నాడు టిల్యార్డ్ తొందరతొందరగా. పీడ విరగడైతే చాలని ఉంది ఆయనకి.

నేను లోపలికి పోయి రొట్టె ఒకటీ చిన్న సీసా ఒకటీ బుట్టలో పెట్టి తాడు కట్టి వసారాలోంచి కిందికి దించాను. బుట్ట గోడకి రెండుసార్లు కొట్టుకుంది. ఆవిడకి ఆకలేస్తోందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆ రొట్టె మీద ఒక్క మాట పలకలేదు, చెయ్యి ఎత్తలేదు. తలుపు ఎప్పుడు మూస్తారా అని తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

తలుపు మూశారు.

ఇంట్లో ఎవరికీ జబ్బు రాలేదు. చంకలు నొక్కుకుంటూ నొక్కుకుంటూ జూలై నెలాఖరుకి వచ్చాను. ఊళ్ళో శవాలు లేవడం ఆగింది. నలభై రోజులు లెక్కపెట్టి సెప్టెంబరులో గేటు తెరిచారు. మిగతావాళ్ళు రేవుకి పరిగెత్తి ఓడల్ని చూశారు. నేను గ్రీకుల వీధికి నడిచాను. అంత దూరం ఎలా నడిచానో తెలియదు. ఇద్దరూ చచ్చుంటారనే నమ్మకంతో వెళ్ళాను. ఒక పక్క అలా అయితే బాగుండుననే ఆశ కూడా ఉంది, దాచడమెందుకు.

జంబేత గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. చిక్కిపోయింది గానీ మనిషి నిక్షేపంలా ఉంది.

"రండి అయ్యగారూ. నాది చలిజ్వరమే. రోజు విడిచి రోజు ఊపేసి పోయింది. మీకేం కాలేదుగా?"

నాకేం కాలేదన్నాను. క్రౌచ్ సంగతి అడిగే ధైర్యం లేక నిలబడ్డాను. ఆవిడే చెప్పింది.

"మా మరిది నేనొచ్చిన రోజే పోయాడు. చీకటి పడకముందే. నేనొచ్చేసరికి కళ్ళు గుమ్మానికి అతికించి ఉన్నాడు. అయిదు రోజులు అలాగే చూశాడట. అయ్యగారు పంపారా, అన్నాడు. పంపారన్నాను. మీ రొట్టె తుంచి పెట్టాను, మీ సారా నోట్లో పోశాను. ఏమన్నా అన్నారా, అన్నాడు. నీ పేరు పెట్టి ప్రార్థన చేశారు నాయనా, నన్ను క్షమించమని కూడా చెప్పమన్నారు, అన్నాను. చేతులు రెండూ చాపి తీసుకున్నాడు. ఆ తరవాత చెల్లి చేతిలో చెయ్యి పెట్టి నిద్రపోయినట్టే పోయాడు."

నేను గుమ్మం మీద కూలబడ్డాను. నేనేం పలకలేదని, అది వట్టి రొట్టె అని చెప్పాను. కాగితం కాల్చేశానని చెప్పాను. వసారాలో నేనన్న మాట కూడా చెప్పాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలవడం ఆపలేదు.

"అన్నీ తెలుసు. చల్లారిందని మీరన్నప్పుడే, మీరేమీ పంపలేదని తెలిసింది."

"మరి అందరిముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమొస్తుంది? మిమ్మల్నీ గెంటేసేవాళ్ళు. మీరు ఆ భయంతో మా ఇంటి దాకా నడిచేవారా? సముద్రంలో దూకేవారు. ఆయనకి కావాల్సింది రొట్టె. అది మీ చేతిలోంచి రావాలి. వచ్చింది." తొక్కలు దులుపుకుని లేచింది. "మా చెల్లికి మాత్రం ఈ మాట చెప్పకండి. తను మీకోసం రోజూ దీపం పెడుతోంది."

స్మరాగ్దా లోపల్నించి వచ్చి నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. నేను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాకు తెలిసి ఇంకెవరి ముందూ అంత భయపడలేదు.

తరవాతిది మీరు ఊహించుకోవచ్చు. స్మరాగ్దా ఆ కథ వీధంతా చెప్పింది. బుట్ట దించడం అందరూ చూసినదే. బల్లకి దూరం చేసినవాణ్ణి చివరికి తనే దగ్గర చేసుకున్నాడని, యజమానికి తెలియకుండా తెలివిగా పంపాడని మా వర్తకులే చెప్పుకున్నారు. టిల్యార్డ్ మొదట మొహం ముడుచుకున్నాడు. తన ఇంటికి మంచిపేరు వస్తోందని తెలిశాక, లండన్‌కి ఉత్తరం ఆయనే రాశాడు. పొగపెట్టిన ఉత్తరం కాదు, తెల్లటి కాగితం. ఆ కాగితమే నాకు ఈ ఊరూ ఈ గుడీ ఈ ఆపిల్ తోటా తెచ్చిపెట్టింది. జంబేతని మళ్ళీ వంటకి పిలిచారు. ఆవిడ వెళ్ళలేదు.

ఇక్కడికి వచ్చినప్పట్నించీ ఆదివారం ఆదివారం ఈ ఊరివాళ్ళకి రొట్టె పంచుతున్నాను. పంచేముందు దాన్ని చీల్చి లోపల చూస్తాను. అది నా భక్తి అనుకుంటారు వాళ్ళు. ఒక్కొక్కరికీ ఇస్తూ వరస చివరికి పోయాక మళ్ళీ వెనక్కి తిరిగి లెక్క చూస్తాను, ఎవర్నైనా దాటేశానేమోనని.

గుడిపెద్ద పొద్దున మళ్ళీ వచ్చాడు. అక్షరాలు ఎక్కువయ్యాయట, ప్రాణానికి వెరవక అన్న మాట తీసేస్తే రాతిలో సరిపోతుందట. తీసెయ్యమన్నాను. మిగతాది కూడా తీసెయ్యమని చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. డెబ్భై ఏళ్ళొచ్చినా నా నోరు ఇలాగే ఉంది.

చావంటే నాకిప్పుడు పెద్ద బెరుకు లేదు. దేవుడికి లెక్క చెప్పుకోవడానికి కూడా ఒకలా సిద్ధపడ్డాను. ఆయనకి ముందే తెలుసు. నన్ను వణికించేది బార్నబీ క్రౌచ్. వాడికి ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళగానే గుమ్మం దాకా ఎదురొచ్చి, రెండు చేతులూ చాపి, అయ్యగారూ, మీరు పంపిన రొట్టె అందింది అంటాడు.